తెల్లగా కదిలేదంతా చెద కాదు: పన్నెండు జతల కాళ్ల సింఫైలా కథ

బనగానపల్లె నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను. పోయినసారి జెర్రి గురించి చెప్తే కామెంట్లలో చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, పెంటదిబ్బ మట్టిలో సన్నగా, తెల్లగా పరిగెత్తేది జెర్రి పిల్లేనా?" అని. ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న కోసమే.

ముందు ఒక మాట. ఈ పురుగు మిమ్మల్ని కరవదు, కుట్టదు. మన కర్నూలు సోనా బియ్యపు గింజ పక్కన పెడితే దాదాపు అంతే పొడవు, కొన్ని ఇంకా చిన్నవి. మరి దీని కోసం ఇంత టైమ్ ఎందుకు అంటారా? ఎందుకంటే దీన్ని ఇంకోటి అనుకుని మన రైతులు మందు కొంటారు. డబ్బు పోతుంది, పంట రోగం అట్లాగే ఉంటుంది. ఆ సంగతి చివర్లో చెప్తాను. అప్పటికి మీకే అర్థమైపోవాలి, తప్పు ఎక్కడ జరుగుతోందో.

ఎవరిది ఏ ఇల్లు?

మిరియాపోడా అనే పెద్ద గుంపు ఉంది. లెక్కలేనన్ని కాళ్లున్నవి అని ఆ పేరుకు అర్థం. మన స్కూల్ పుస్తకంలో ఈ గుంపు నుంచి రెండింటినే చెప్పారు. ఒకటి జెర్రి, అంటే శతపాది. రెండోది రోకలిబండ, అంటే సహస్రపాది. కానీ ఈ గుంపులో ఉండేవి రెండు తరగతులు కాదు, నాలుగు. మిగిలిన రెండు మట్టి లోపల ఉంటాయి, కంటికి సరిగ్గా ఆనవు, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. వాటిలో ఒకటి పారోపోడా. ఇవి మరీ చిన్నవి, చాలావరకు రెండు మిల్లీమీటర్లు కూడా దాటవు. ఇంకోటి సింఫైలా. ఈరోజు మన హీరో ఇదే.

ప్రపంచం మొత్తం మీద ఇప్పటిదాకా పేరు పెట్టిన సింఫైలా జాతులు సుమారు 200. ఈ 200 జాతులూ రెండే రెండు కుటుంబాలు. ఒకటి స్క్యుటిజెరెల్లిడే, ఇంకోటి స్కోలోపెండ్రెల్లిడే. పేర్లు నోరు తిరగట్లేదు గదా? నాకూ మొదటి వారం తిరగలేదు. ఇక నుంచి మొదటిదాన్ని 'గుండ్రటి వీపు' ఇల్లు అంటాను, రెండోదాన్ని 'మొనల వీపు' ఇల్లు అంటాను. ఎందుకు అట్లా అంటున్నానో కాసేపట్లో తెలుస్తుంది. మనం ఎక్కువసేపు ఉండేది గుండ్రటి వీపు ఇంట్లో, ఎందుకంటే పొలంతో గొడవ ఉన్నది ఆ కుటుంబానికే.

తల నుంచి తోక దాకా

ఇప్పుడు ఒళ్లు చూద్దాం. తల మీద రెండు పొడవైన మీసాలు. పూసలు గుచ్చిన దండ మాదిరి ఉంటాయి. కళ్లు లేవు. ఒక్కటి కూడా లేదు. చీకట్లో పుట్టి చీకట్లో పోయే ప్రాణికి కళ్లతో పనేముంది? ఆ మీసాలతోనే దారి వెతుక్కుంటుంది. అందుకే పరిగెత్తేటప్పుడు అవి ఒక్క క్షణం కూడా ఆగవు, ఊగుతూనే ఉంటాయి.

ఇక ఊపిరి. బొద్దింక లాంటి పురుగులకు శ్వాసరంధ్రాలు ఒంటి పక్కన వరసగా ఉంటాయి. సింఫైలాకు ఒంటి మొత్తం మీద ఒకటే జత, అదీ తల మీద. అక్కడి నుంచి గాలి గొట్టాలు తలకూ, మొదటి మూడు ఖండాలకూ మాత్రమే పోతాయి. మిగతా ఒళ్లంతా పలచటి చర్మం గుండానే గాలి తీసుకుంటుంది. గాలి పోయేంత పలచటి చర్మం అంటే తేమ కూడా అంతే సులువుగా బయటికి పోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, దీని బతుకంతా ఇందులోనే ఉంది. తేమ లేకుంటే ఇది ఎండిపోతుంది.

నోటికి వద్దాం. దవడలు, వాటి వెనక ఒక జత చిన్న దవడలు, దాని వెనక ఇంకో జత. ఆ చివరి జత రెండూ కలిసిపోయి కింది పెదవి మాదిరి తయారయ్యాయి. ఇట్లాంటి కింది పెదవి ఇంకెవరికి ఉంది? మిడతకు ఉంది, బొద్దింకకు ఉంది, అంటే కీటకాలకు ఉంది. ఈ పోలిక చూసే సైంటిస్టులు అరవై డెబ్బై ఏళ్లు తల బద్దలుకొట్టుకున్నారు. ఆ కథ కూడా ఉంది.

తల వెనక మొండెం. ఇందులో 14 ఖండాలు. మొదటి 12 ఖండాలకు ఒక్కో జత చొప్పున కాళ్లు. 13వ దానికి కాళ్లు లేవు, వాటి బదులు వెనక్కి పొడుచుకొచ్చిన రెండు కొమ్ముల్లాంటివి ఉంటాయి. వాటి నుంచి దారం వస్తుంది. అవును ఫ్రెండ్స్, సాలెపురుగు మాదిరి పట్టు దారం. చివరి ఖండం మీద రెండు పొడవైన వెంట్రుకలు. చిన్న గాలి కదిలినా పట్టేసే సెన్సార్లు అనుకోండి.

కాళ్ల మొదట్లో ఇంకో విచిత్రం ఉంది. చిన్న సంచుల్లాంటివి ఉంటాయి, వాటిని బయటికి ఉబ్బించి మట్టిలోని తడిని పీల్చుకుంటుంది. మనం గ్లాసు ఎత్తి తాగుతాం, ఇది నిలబడ్డ చోటే కాళ్ల సందుల్లోంచి తాగుతుంది.

ఇప్పుడు అసలు తమాషా వీపు మీద ఉంది. ఖండానికి ఒక పెంకు చొప్పున ఉంటే 14 ఉండాలి గదా? కానీ వీపు పెంకులు జాతిని బట్టి 15 నుంచి 24 దాకా ఉంటాయి. కొన్ని ఖండాల మీద పెంకు రెండుగా విడిపోయింది. దీనివల్ల లాభం ఏంది అంటే, ఒళ్లు బాగా వంగుతుంది. రైలు పట్టాలు తీసుకోండి. పొడవాటి బోగీలు తక్కువ ఉన్న రైలు కంటే, పొట్టి బోగీలు ఎక్కువ ఉన్న రైలు గట్టి మలుపులో సులువుగా తిరుగుతుంది. సింఫైలా మట్టిని తవ్వలేదు. తవ్వే గోళ్లు, బలం దానికి లేవు. వానపాము చేసిన దారి, చచ్చిన వేరు వదిలిన గొట్టం, మట్టి బెడ్డల మధ్య సందు, ఇవే దాని రోడ్లు. ఆ మలుపుల్లో తిరగాలంటే ఎన్ని కీళ్లు ఉంటే అంత మంచిది.

మన నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు ఇస్తుంది, చూసే ఉంటారు. కొన్నింటిలో చెయ్యి మోచేతి దాకా పోతుంది. పైమట్టి ఎండుతుంటే ఈ జీవులు ఉన్న సందుల గుండానే తడి దొరికే లోతుకు దిగిపోతాయి. వానలు పడి పైమట్టి తడిస్తే మళ్ళీ పైకి వస్తాయి. అందుకే మేలో తవ్వి "మా చేన్లో ఏమీ లేదు" అనుకుంటే కుదరదు. వెతకాల్సింది వానాకాలంలో, ఆకులు కుళ్లే చోట, పశువుల ఎరువు కుప్పల అంచుల్లో.

కాళ్లు వెర్షన్ల వారీగా వస్తాయి

నేను ఇంతకుముందు సాఫ్ట్‌వేర్‌లో ఉండేవాణ్ణి గదా, నాకు బాగా నచ్చిన విషయం ఇది. సింఫైలా పుట్టినప్పుడే 12 జతలతో పుట్టదు. గుడ్డు లోంచి వచ్చేటప్పుడు ఆరో ఏడో జతలు ఉంటాయి. తర్వాత కుబుసం విడిచిన ప్రతిసారీ ఒక జత చేరుతుంది. ఆరు, ఏడు, ఎనిమిది, అట్లా అప్‌డేట్ల మాదిరి వచ్చి వచ్చి 12 దగ్గర ఆగుతుంది.

కాళ్లు ఆగుతాయి కానీ కుబుసం విడవడం ఆగదు. కీటకాలు చాలావరకు రెక్కలొచ్చి పెద్దవయ్యాక ఇంక కుబుసం విడవవు. ఇది మాత్రం బతికినన్నాళ్లూ విడుస్తూనే ఉంటుంది. కాలిఫోర్నియాలో మైకెల్‌బాకర్ అనే శాస్త్రవేత్త ఈ కుటుంబంలోని స్క్యుటిజెరెల్లా ఇమ్మాక్యులాటా అనే జాతిని పెంచి, దాని జీవితం మొత్తం 1938లో రాశాడు. యాభై సార్లకు పైగా కుబుసం, నాలుగేళ్ల దాకా ఆయుష్షు. బియ్యపు గింజంత ప్రాణికి నాలుగేళ్లు!

పిల్లలు పుట్టే పద్ధతి వింటే మీరు నమ్మరు. మగదీ ఆడదీ కలవవు. మగది సన్నటి కాడ మీద చిన్న చుక్క మాదిరి వీర్యపు పొట్లం నిలబెట్టి తన దారిన తాను పోతుంది. అట్లాంటివి వందలకొద్దీ పెడుతుంది. ఆడది అటుగా వచ్చినప్పుడు ఆ చుక్కను నోటితో కొరుకుతుంది. కొన్నింటిని తినేస్తుంది, కొన్నింటిని బుగ్గల లోపలి సంచుల్లో దాచుకుంటుంది. గుడ్డు పెట్టే టైమ్ వచ్చినప్పుడు తన గుడ్డును తానే నోటితో బయటికి తీసి, ఒక చోట అతికించి, బుగ్గలో దాచిన దాన్ని దానికి పూస్తుంది. అప్పుడు ఆ గుడ్డు ఫలిస్తుంది. ఇంకో విషయం, గుడ్లు వచ్చే దారి తోక దగ్గర ఉండదు. ఒంటి ముందు భాగంలో, నాలుగో ఖండం దగ్గర ఉంటుంది. జెర్రికి అది వెనక చివర్లో ఉంటుంది. జెర్రి పిల్ల కాదు అనడానికి లోపలి సాక్ష్యం ఇది.

ఇఫ్-ఎల్స్ రాసుకుందాం

సరే, ఇప్పుడు గుర్తుపట్టడం ఎట్లా? జీవశాస్త్రంలో వర్గీకరణ తాళంచెవి అంటారు. మనకు తెలిసిన భాషలో అది ఇఫ్-ఎల్స్ కోడ్, అంతే. ఫోన్‌కు క్లిప్ లెన్స్ పెట్టుకుని, వీడియో తీసి, పాజ్ చేసి లెక్కపెట్టండి.

మొదటి ప్రశ్న: కాళ్లు ఎన్ని? మూడు జతలే అయితే అది సింఫైలా కాదు. తెల్లగా, మెత్తగా, మీసాలు పూసల దండ మాదిరి ఉంటే అది చెద పురుగు అయ్యే అవకాశం ఎక్కువ. అందరూ పొరబడేది ఇక్కడే. పని చేసే చెద కూడా తెల్లగానే ఉంటుంది, దానికీ అట్లాంటి మీసాలే, దాదాపు గుడ్డిదే. ఒక్క కాళ్ల లెక్కే తేడా చెప్తుంది. టప్పున ఎగిరితే అది కోలెంబోలా, తోక కింద స్ప్రింగు ఉండే ఇంకో బుల్లి జీవి. దానివీ మూడు జతలే.

రెండో ప్రశ్న: మూడు జతల కంటే ఎక్కువ ఉంటే, ఒక్కో ఖండానికి రెండు జతలా? అయితే రోకలిబండ పిల్ల. దాన్ని ముట్టుకుంటే చుట్ట చుట్టుకోవచ్చు కూడా.

మూడో ప్రశ్న: ఖండానికి ఒకే జత, తల కింద కొండీ మాదిరి విషపు గోళ్లు ఉన్నాయా? అయితే జెర్రి. ఇంకో చిట్కా ఇస్తాను. పెద్దయిన జెర్రిలో కాళ్ల జతలు ఎప్పుడూ బేసి సంఖ్యే. 15, 21, 23, అట్లా. సింఫైలాకు 12, సరి సంఖ్య.

నాలుగో ప్రశ్న: 12 జతలు, వెనక రెండు దారపు కొమ్ములు, విషపు గోళ్లు లేవు. అయితే సింఫైలా. శభాష్, తరగతి దొరికింది.

ఇప్పుడు కుటుంబం. వీపు పెంకుల వెనక అంచు చూడండి. గుండ్రంగా, నున్నగా ఉంటే స్క్యుటిజెరెల్లిడే, మన గుండ్రటి వీపు ఇల్లు. అంచు నుంచి రెండు త్రికోణపు మొనలు వెనక్కి పొడుచుకొస్తే స్కోలోపెండ్రెల్లిడే, మొనల వీపు ఇల్లు. ఇంకో గుర్తు మొదటి జత కాళ్లు. గుండ్రటి వీపు ఇంట్లో ఆ మొదటి జత కొంచెం చిన్నవే అయినా మిగతా వాటిలో సగం కంటే పెద్దగానే ఉంటాయి. మొనల వీపు ఇంట్లో అవి సగం కంటే చిన్నవి, కొన్నింట్లో పేరుకే ఉంటాయి.

గుండ్రటి వీపు ఇంట్లో రెండు ముఖ్యమైన ప్రజాతులు. ఒకటి స్క్యుటిజెరెల్లా, ఇంకోటి హాన్సెనియెల్లా. స్క్యుటిజెరెల్లాకు చివరి వీపు పెంకు వెనక అంచులో మధ్యన లోతైన గుంట ఉంటుంది, హాన్సెనియెల్లాకు ఉండదు. ఇక్కడి నుంచి మాత్రం క్లిప్ లెన్స్ చాలదు, మైక్రోస్కోప్ కావాలి.

పేరు వెనక గొడవ

ఈ ఇళ్లకు పేర్లు ఎవరు పెట్టారు? 1845లో ఇంగ్లండ్‌లో జార్జ్ న్యూపోర్ట్ అనే ఆయన ఇమ్మాక్యులాటా జాతిని రాశాడు. ఆ పేరుకు మచ్చ లేనిది అని అర్థం. అప్పట్లో దీన్ని జెర్రి బంధువు కిందే లెక్కేశారు. 1880లో అమెరికాలో జాన్ రైడర్ దీనికి విడిగా సింఫైలా అనే పేరు పెట్టాడు. కలిసిన వంశం అని గ్రీకులో దాని భావం. ఒళ్లు జెర్రి మాదిరి, నోరు కీటకం మాదిరి ఉంది, రెండు వంశాలూ ఇక్కడ కలిశాయి అని ఆయన అనుకున్నాడు. 1903లో డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్సెన్ అప్పటిదాకా తెలిసిన జాతులన్నీ ముందేసుకుని, పెంకులు, కాళ్లు, వెంట్రుకలు లెక్కపెట్టి సరిచేశాడు. హాన్సెనియెల్లా అనే పేరు ఆయన గౌరవార్థమే. 1913లో బ్రిటన్‌కు చెందిన బాగ్నల్ స్క్యుటిజెరెల్లిడే కుటుంబాన్ని ఏర్పాటు చేశాడు. ఈ బాగ్నల్ తామర పురుగుల మీద కూడా పెద్ద నిపుణుడు. మన మిరప రైతులకు తామర పురుగు గురించి వేరే చెప్పక్కర్లేదు!

ఆ తర్వాత ఆస్ట్రేలియాలో టీగ్స్ 1940లో హాన్సెనియెల్లా గుడ్డు లోపల పిండం ఎట్లా పెరుగుతుందో పూస గుచ్చినట్టు రాశాడు. కీటకాలన్నీ ఇట్లాంటి జీవి నుంచే వచ్చాయేమో అనే ఆలోచనకు అప్పట్లో మంచి బలం ఉండేది. కానీ డీఎన్‌ఏ చదవడం మొదలయ్యాక లెక్క తిరగబడింది. కీటకాలకు దగ్గరి చుట్టాలు రొయ్యలు, పీతల గుంపు అని తేలింది. సింఫైలా జెర్రి, రోకలిబండల వైపే ఉండిపోయింది. మరి ఆ కింది పెదవి? రెండు వంశాలూ విడివిడిగా అదే డిజైన్‌కు వచ్చాయి, అంతే. పోలిక కనిపించినంత మాత్రాన చుట్టరికం ఖాయం కాదు. ఈ మాట కూడా గుర్తుపెట్టుకోండి, పొలంలో పనికొస్తుంది.

మన వైపు ఎవరైనా చూశారా అంటే, చూశారు. స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ షెల్లర్ అనే ఆయన శ్రీలంక, దక్షిణ భారత ద్వీపకల్పంలో సేకరించిన సింఫైలాల మీద 1971లో పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఇంకా పాత సాక్ష్యం కావాలా? మయన్మార్‌లో దొరికిన జిగురు రాయి లోపల మొనల వీపు ఇంటి జీవి ఒకటి ఇరుక్కుని ఉంది, 2018లో దాన్ని వివరించారు. వయసు దాదాపు 9 కోట్ల 90 లక్షల ఏళ్లు. చూస్తే ఇప్పటి వాటి మాదిరే ఉంటుంది.

ఇప్పుడు పొలానికి పోదాం

మా చిన్నాయన మిరప నారు పోశాడు. నారు మొక్కలు గుంపులు గుంపులుగా పడిపోతున్నాయి. మట్టి కదిపితే తెల్ల పురుగులు పరిగెత్తుతున్నాయి. మందుల అంగడిలో ఫోటో చూపిస్తే, "చెదలే, గుళికలు చల్లు" అన్నారంట. ఆయన నాకు వాట్సాప్‌లో వీడియో పంపి, "ఏరా అబ్బీ, ఇది చెదేనా? తెమ్మంటావా మందు?" అని అడిగినాడు.

నేను వీడియో పాజ్ చేసి లెక్కపెట్టాను. 12 జతలు. "చిన్నాయనా, ఇది చెద కాదు. నువ్వు రెండు పనులు చెయ్యి, తర్వాత మందు సంగతి చూద్దాం" అన్నాను.

మొదటి పని ఉర్లగడ్డ. సింఫైలా చాలావరకు కుళ్లిన ఆకు, బూజు తిని బతుకుతుంది. దానివల్ల మట్టికి మేలే. కానీ గుండ్రటి వీపు ఇంట్లో కొన్ని జాతులు లేత వేళ్ల కొనలు కూడా తింటాయి. కాలిఫోర్నియాలో 1905లోనే ఆస్పరాగస్ పంట మీద దీని గురించి రాశారు. ఆస్ట్రేలియాలో హాన్సెనియెల్లా అనాస తోటలకు పెద్ద తలనొప్పి. అందుకని మంచిదే అని వదిలేయలేం, చెడ్డదే అని చంపలేం. లెక్కపెట్టాలి. అమెరికాలో ఆరెగన్ రైతులు ఉర్లగడ్డను సగానికి కోసి, కోసిన వైపు తడి మట్టి మీద బోర్లించి, పైన ఏదైనా మూత పెడతారు. ఒకటి రెండు రోజుల తర్వాత ఎత్తి చూసి ఎన్ని చేరాయో లెక్కేస్తారు. చిన్నాయన నారుమడిలో పది చోట్ల పెట్టాడు. మూడు చోట్ల ఒకటో రెండో కనిపించాయి, ఏడు చోట్ల ఏమీ లేవు.

రెండో పని, పడిపోయిన మొక్కను మెల్లగా పీకి చూడటం. సింఫైలా తింటే వేళ్ల కొనలు తెగి పొట్టిగా, చీపురు అరిగినట్టు అయిపోతాయి. మొక్క కూలిపోదు, ఎదగకుండా గిడసబారుతుంది. చిన్నాయన పీకిన మొక్కలకు వేళ్ల కొనలు బాగానే ఉన్నాయి. మట్టికి ఆనుకున్న చోట కాండం మాత్రం నీరు పట్టి, గోధుమ రంగుకు తిరిగి, సన్నబడిపోయింది. రైతు సేవా కేంద్రానికి తీసుకుపోతే అక్కడి అసిస్టెంట్ చూసి నారుకుళ్లు అని చెప్పింది. అది శిలీంధ్రాల తెగులు, తడి ఎక్కువైతే వస్తుంది. పురుగుల గుళికలు కిలోలకొద్దీ చల్లినా అది తగ్గదు. ఆమె చెప్పినట్టు నీళ్లు తగ్గించి, మడిలో నీరు నిలవకుండా కాలువ తీసి, తెగులు మందు పోశారు. మిగిలిన నారు నిలబడింది.

చూశారా? పురుగు అక్కడ ఉంది, మొక్క అక్కడ చస్తోంది. రెండూ ఒకచోట ఉన్నాయని ఒకదాని వల్లే ఇంకోటి అనుకున్నారు. గుళికలు చల్లి ఉంటే డబ్బు పోయేది, మట్టిలో పనికొచ్చేవి చచ్చేవి, నారు కూడా పోయేది.

మీరూ చూడాలంటే

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పై భాగం కోసి గరాటు మాదిరి తిరగేయండి. మూతి దగ్గర పెద్ద రంధ్రాల వల ముక్క పెట్టండి. దాని మీద మామిడి చెట్టు కింది తడి ఆకు మట్టి రెండు గుప్పెళ్లు. పైన తక్కువ వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు, మరీ దగ్గరగా వద్దు. ఎల్ఈడీకి వేడి రాదు కాబట్టి సరిగ్గా పనిచేయదు. కింద కప్పులో తడిపిన టిష్యూ. పైనుంచి మట్టి మెల్లగా ఎండుతుంటే జీవులు కిందికి దిగి కప్పులో పడతాయి. వేడి ఎక్కువ పెడితే సింఫైలా దారిలోనే ఎండి చస్తుంది, దాని చర్మం సంగతి చెప్పాను గదా. రెండు మూడు రోజులు ఓపిక పట్టండి. ఇటలీలో బెర్లేస్ 1905లో మొదలుపెట్టిన పద్ధతికి స్వీడన్‌లో టుల్‌గ్రెన్ 1918లో బల్బు తగిలించాడు. మనం సీసా తగిలించాం. బల్బు వెలిగించి ఎక్కడికీ పోవద్దు, ఎండుటాకులు తగలకుండా చూసుకోండి.

చూశాక వాటిని అదే చెట్టు కింద వదిలేయండి.

వీడియో తీస్తే కామెంట్‌లో మూడే రాయండి: కాళ్ల జతలు ఎన్ని, వీపు అంచు గుండ్రమా మొనలా, ఎక్కడి మట్టి. ఇంట్లో ఎవరైనా తెల్ల పురుగు చూసి మందు డబ్బా కోసం లేస్తే, ఈ ఎపిసోడ్ వాళ్లకు పంపండి. ముందు కాళ్లు లెక్కపెట్టమనండి, తర్వాత వేరు చూడమనండి, మందు మాట ఆ తర్వాత. వచ్చే ఎపిసోడ్‌లో పారోపోడా, కొమ్మలు చీలిన మీసాల బుడ్డోడు. ఉంటాను మరి, జాగ్రత్త.